కొంబు కొనే ముందు బియ్యం ఏరండి

ప్రశ్న: నా వయసు 52. విజయవాడలో ఉంటాం. బ్యాంకులో పని చేస్తున్నాను. రెండేళ్ల కిందట పది రోజుల విపశ్యన శిబిరానికి వెళ్లొచ్చాను. అప్పటి నుంచి రోజూ తెల్లవారుజామున గంటసేపు కూర్చుంటున్నాను. ఈమధ్య ఒసాకాలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు కొయాసాన్ కొండ మీద ఒక గుడి సత్రంలో రాత్రి బస చేశాం. అక్కడ పెట్టిన భోజనం ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను. పొట్ట తేలిగ్గా, మనసు నిమ్మళంగా అనిపించింది. ఇంటికొచ్చాక అలాగే వండుకోవాలని ఉల్లి, వెల్లుల్లి, పాలు, పెరుగు అన్నీ మానేశాను. ఇంగువ పోపుతో నెట్టుకొస్తున్నాను. మిసో (పులియబెట్టిన సోయా ముద్ద), కొంబు (ఎండబెట్టిన సముద్రపు నాచు) ధరలు చూస్తే భయమేస్తోంది. అబ్బాయి ఒక కొంబు ప్యాకెట్, ఒక ఎండు షీటాకే పుట్టగొడుగుల ప్యాకెట్ పంపాడు, ఎలా వాడాలో తెలియక అల్మారాలో పెట్టాను. బీపీ కొంచెం ఎక్కువ, థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను. మా వారికి ఆదివారం చికెన్ ఉండాల్సిందే. నా చేతులతో అది వండటం ఇప్పుడు కష్టంగా ఉంది. "బుద్ధుడే పంది మాంసం తిన్నాడు, నీకెందుకీ మడి" అంటారాయన. అత్తయ్యేమో నేను సన్యాసుల్లో కలిసిపోతానని బెంగ పెట్టుకున్నారు. నేను చేస్తున్నది సరైనదేనా? ఈ తిండి వల్ల ధ్యానం నిజంగా కుదురుతుందా?

సమాధానం: అమ్మా, ముందు మీరు తిన్న ఆ భోజనం పేరు దగ్గర మొదలుపెడతాను. దాన్ని జపాన్‌లో 'షోజిన్ ర్యోరి' అంటారు. ర్యోరి అంటే వంట. షోజిన్ అనే మాటకు శాకాహారం అని అర్థం లేదు. బౌద్ధంలో సాధకుడు పండించుకోవాల్సిన ఆరు గుణాలను పారమితలు అంటారు, వాటిలో వీర్య పారమిత ఒకటి ఉంది కదా, అంటే అలసట లేకుండా మంచి వైపు చేసే ప్రయత్నం. ఆ 'వీర్య' అనే మాటను చైనా వాళ్లు తమ భాషలోకి మార్చుకుంటే, అదే జపాన్ వాళ్ల నోట షోజిన్ అయింది. కాబట్టి అది 'ప్రయత్నం చేసేవాళ్ల వంట'. ఏం మానేశాం అన్నది అందులో ఒక భాగమే. మీ ఉత్తరంలో మానేసిన వాటి జాబితా పెద్దగా ఉంది, వంట చేసే తీరు గురించి ఒక్క ముక్క కూడా లేదు. నాకు అక్కడే కొంచెం బెంగ కలిగింది.

ఈ వంటకు ప్రాణం లాంటి కథ ఒకటి చెప్తాను. 1223లో దోగెన్ అనే ఇరవై మూడేళ్ల జపాన్ భిక్షువు ధర్మం నేర్చుకోవడానికి ఓడెక్కి చైనా వెళ్లాడు. ఓడ రేవులో ఆగి ఉండగా అరవై ఒక్క ఏళ్ల పెద్దాయన ఒకరు జపాన్ పుట్టగొడుగులు కొనడానికి ఓడ దగ్గరికి వచ్చారు. ఆయన అశోక పర్వతం మీది ఆరామంలో వంటపెద్ద. అవునమ్మా, మన అశోకుడి పేరే. చైనాలోని నింగ్బో నగరం దగ్గర ఆ ఆరామం ఇప్పటికీ ఉంది. మర్నాడు పండుగ, భిక్షువులందరికీ మంచి భోజనం పెట్టాలని ఆయన పదిహేను కిలోమీటర్లకు పైగా నడిచి వచ్చారు. దోగెన్ ఆయన్ను ఆ రాత్రికి ఉండిపొమ్మన్నాడు. కుదరదు, రేపటి వంట నేనే చూడాలి అన్నారాయన. ఇంత వయసులో ధ్యానం చేసుకోకుండా, గ్రంథాలు చదువుకోకుండా ఈ వంట చాకిరీ ఎందుకని కుర్రవాడు అడిగాడు. పెద్దాయన గట్టిగా నవ్వి, సాధన అంటే ఏమిటో నీకింకా తెలియలేదు నాయనా అనే అర్థం వచ్చేలా మాట్లాడి, చీకటి పడకముందే కొండకు బయల్దేరారు.

తర్వాత దోగెన్ తియాన్‌తోంగ్ ఆరామంలో ఉన్నప్పుడు, మిట్టమధ్యాహ్నం ఎండలో నెత్తిన గుడ్డ కూడా లేకుండా పుట్టగొడుగులు ఎండబోస్తున్న మరో వంటపెద్ద కనిపించారు. వయసు అరవై ఎనిమిది, నడుము విల్లులా వంగిపోయింది. ఈ పని ఇంకెవరికైనా చెప్పొచ్చు కదా అంటే, ఇంకెవరో నేను కాదు కదా అన్నారు. ఇంత ఎండలోనా అంటే, మరి ఎప్పటిదాకా ఆగమంటావు అన్నారు. దోగెన్‌కు ఇక అడగడానికి మాట రాలేదు.

ఈ రెండు సంఘటనలనూ దోగెన్ 1237లో వంటపెద్దల కోసం రాసిన చిన్న పుస్తకంలో గుర్తు చేసుకున్నాడు. ఆ పుస్తకం పేరు 'తెన్జో క్యోకున్'. తెన్జో అంటే ఆరామంలో వంట బాధ్యత చూసే భిక్షువు. ఆ ఆరామాల్లో ఆరు పెద్ద బాధ్యతల్లో అది ఒకటి. కొత్తగా చేరినవాళ్లకు కాక, సాధనలో పండినవాళ్లకే ఇచ్చేవారు. దోగెన్ సోతో జెన్ అనే ధ్యాన బౌద్ధ సంప్రదాయానికి చెందినవాడు. మీరు వెళ్లిన కొయాసాన్ 816లో కూకాయ్ అనే భిక్షువుకు దక్కిన కొండ, అక్కడిది ఆయన మొదలుపెట్టిన షింగోన్ అనే బౌద్ధ సంప్రదాయం. దారులు వేరైనా రెండింటి గురుపరంపరలోనూ నాగార్జునుడు ఉన్నాడు. మన కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ ఎవరి పేరు మీద ఉందో ఆయనే. అందుకే ఈ వంట మీకు మరీ పరాయిదేమీ కాదని నాకనిపిస్తుంది.

దోగెన్ పుస్తకం తెరిస్తే ముందుగా కనిపించేది కూరగాయల పట్టిక కాదు, బియ్యం కడగడం. బియ్యం కడిగేటప్పుడు ఇసుక చూడు, ఇసుక ఏరేటప్పుడు బియ్యం చూడు, ఒక్క గింజ కూడా పోనివ్వకు అంటాడు. కడిగిన నీళ్లను కూడా గుడ్డలో వడకట్టకుండా పారబోయవద్దంటాడు. గిన్నెను నీ తలలా, బియ్యం కడిగిన నీటిని నీ ప్రాణంలా చూసుకోమంటాడు. ఇది చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. వసారాలో కూర్చుని చేట చెరుగుతూ రాళ్లు ఏరేది. కడుగునీళ్లు కుడితి కుండలో పోసేది, అవి గేదెకు. ఆమె దాన్ని ధ్యానం అనలేదు. కానీ ఆ పని జరుగుతున్నంతసేపు ఆమె ఇంకెక్కడా ఉండేది కాదు.

మీరు పొద్దున గంటసేపు కూర్చుని లేస్తారు. వెంటనే వంటింట్లో ఫోన్‌లో వార్తలు, బస్సు టైము టెన్షన్, కుక్కర్ విజిల్. చాలామంది ఉద్యోగస్తుల పరిస్థితి ఇదే, తప్పు పట్టడం లేదు. మీ ఇంట్లో షోజిన్ మొదలవ్వాల్సిన చోటు మాత్రం అదే. ఒక పది నిమిషాలు ఫోన్ వేరే గదిలో పెట్టి బియ్యం ఏరండి, కడగండి, ఆ నీళ్లు మొక్కలకు పోయండి. ముల్లంగి కోస్తే ఆకు పారేయకుండా పప్పులో వేయండి. దీనికి పైసా ఖర్చు లేదు. ఒక నెల ఇలా చేశాక, ఇంకా మిసో కావాలనిపిస్తే అప్పుడు కొనుక్కుందురు గాని.

రుచి గురించి ఒక మాట. మనకు ఉగాది పచ్చడిలో ఆరు రుచులు. తెన్జో పుస్తకంలోనూ ఆరు రుచులే: చేదు, పులుపు, తీపి, కారం, ఉప్పు. ఐదు మనవే. ఆరోది మాత్రం మన వగరు కాదు. దాన్ని చైనా అక్షరాల్లో 'పలుచనిది, తేలికైనది' అనే మాటతో రాస్తారు. దాన్ని చప్పిడి అందామంటే తప్పు పట్టినట్టుంటుంది. లేత సొరకాయను చిటికెడు ఉప్పుతో ఉడికించి, పోపు లేకుండా నోట్లో పెట్టుకుంటే తగిలే రుచి, ఆ కాయ సొంత రుచి, అదే. మిగతా ఐదింటినీ మోసేది ఇదేనని వాళ్ల నమ్మకం. గుంటూరు కారం మరిగిన మన నాలుకకు మొదటి వారం ఇది శిక్షలా ఉంటుంది. రెండో వారానికి క్యారెట్ ఇంత తియ్యగా ఉంటుందా అని ఆశ్చర్యపోతారు. మీకు కొయాసాన్‌లో నిమ్మళంగా అనిపించిందన్నారే, ఆ కొండ గాలితో పాటు ఇదీ కారణమే అయ్యుంటుంది.

ఇక ఇంగువ సంగతి. తూర్పు ఆసియా బౌద్ధులు విడిచిపెట్టే ఐదు ఘాటు పదార్థాల్లో నాలుగు ఉల్లి, వెల్లుల్లి జాతివి. చైనా గ్రంథాల జాబితాలో ఐదోది 'శింగ్‌చూ'. అది మన 'హింగు'కు వాళ్ల ఉచ్చారణ. అంటే సాక్షాత్తు ఇంగువే! మనం వెల్లుల్లి మానేసిన చోట పెట్టుకునే ఇంగువ, వాళ్లు వెల్లుల్లితో పాటు మానేసేది. మీరు కంగారు పడాలని చెప్పడం లేదు. నియమం ఎందుకు పుట్టిందో తెలియకుండా పట్టుకుంటే ఇలాంటి ముళ్లు పడతాయి. భిక్షువుల నియమాలు చెప్పే పాళీ వినయ పిటకంలో కథ చాలా సాదాగా ఉంటుంది. వెల్లుల్లి తిన్న ఒక భిక్షువు, తన నోటి వాసన ఇతరులను ఇబ్బంది పెడుతుందని ధర్మోపదేశం జరుగుతుంటే దూరంగా కూర్చున్నాడు. ధర్మానికి దూరం చేసే తిండి ఎందుకని బుద్ధుడు వద్దన్నాడు. భిక్షుణుల విషయంలోనైతే, ఒక దాత వెల్లుల్లి తీసుకోమంటే తోట మొత్తం పీకేసుకుపోయారని నియమం వచ్చింది. అదే వెల్లుల్లి జబ్బు చేసిన భిక్షువు మందుగా తినొచ్చని కూడా అక్కడే ఉంది. పచ్చిగా తింటే కోపం, వండి తింటే కామం పెరుగుతాయనే మాట తర్వాతి కాలపు గ్రంథాల్లోది. కాబట్టి మీరు మానుకుంటే మానుకోండి, ఒంటికి తేలిగ్గా ఉంటే మంచిదే. అత్తయ్య పప్పులో మాత్రం వెల్లుల్లి తిరగమోత ఆపకండి.

మీ వారి మాటకు సమాధానం. చుందుడు అనే కమ్మరి పెట్టిన చివరి భోజనంలో 'సూకర మద్దవం' ఉందని పాళీ గ్రంథం చెబుతుంది. అది మెత్తని పంది మాంసమని కొందరు, పందులు ఇష్టపడే పుట్టగొడుగో దుంపో అని మరికొందరు పాతకాలం నుంచే వాదించుకుంటున్నారు. అయితే భిక్షాపాత్రలో పడింది తినడమే అప్పటి పద్ధతి. తన కోసం చంపారని చూడని, వినని, అనుమానం లేని మాంసం భిక్షువు తీసుకోవచ్చు. మాంసాహారం పూర్తిగా నిషేధించమని బుద్ధుడి బంధువైన భిక్షువు దేవదత్తుడు పట్టుబడితే బుద్ధుడు ఒప్పుకోలేదు. తర్వాతి కాలపు బౌద్ధ శాఖ అయిన మహాయానం సూత్రాలు, ముఖ్యంగా లంకావతార సూత్రం, మాంసాన్ని గట్టిగా కాదన్నాయి. ఆరో శతాబ్దంలో లియాంగ్ వంశపు వు చక్రవర్తి చైనా భిక్షువులకు శాకాహారం తప్పనిసరి చేశాడు. కొయాసాన్‌లో మీరు చూసిన భోజనం ఆ పాయ నుంచి వచ్చింది. జపాన్‌లోనే 1872 తర్వాత అర్చకులు మాంసం తినడానికి ప్రభుత్వం అడ్డు తీసేసింది. ఇప్పుడు షోజిన్ భోజనం శిక్షణ ఆరామాల్లో, గుడి సత్రాల్లో, కర్మకాండల్లో ఎక్కువగా మిగిలింది.

కాబట్టి ఆయన చెప్పింది పూర్తిగా తప్పని వాదించకండి, వాదన గెలిస్తే ఇంట్లో ఏం మారుతుంది? నేను శాకాహారం వైపే ఉన్నాను, దాచుకోను. చంపకుండా కడుపు నిండే వీలున్న మనబోటి వాళ్లం చంపించకపోవడం మంచిదని నమ్ముతాను. అది మీ కంచం వరకే తీసుకోండి. "నాకు చేతులు రావడం లేదండీ, ఆదివారం మీరు వండుకోండి, అన్నం చారు నేను పెడతాను" అని నెమ్మదిగా అడగండి. చిరాకుతో అనకండి, వేరే గిన్నె చూపించేటప్పుడు ముఖం చిట్లించకండి. వంటవాడికి ఉండాల్సిన మనసులు మూడు అంటాడు దోగెన్: వండే అవకాశం దొరికిందన్న సంతోషం, బిడ్డను చూసుకునే తల్లి లాంటి మనసు, ఇది ఎక్కువ అది తక్కువ అని ఎంచని విశాలమైన మనసు. అత్తయ్య బెంగకు మందు ఆ రెండోదే. మీరు వేరే గిన్నెలో వేరే తిండి వండుకుని ఒక్కరే తింటుంటే, కోడలు దూరమైపోతోందని ఆమెకు అనిపించదా? వారంలో ఒక పూట అందరికీ నచ్చేలా ఒక్క వంటకం చేసి, ముందు ఆమెకు వడ్డించండి.

ఆరోగ్యం విషయంలో మాత్రం నేను కొంచెం గట్టిగా చెప్పాలి. పాలు, పెరుగు మానేసి, గుడ్డు మాంసం లేని తిండిలో బి12 దాదాపు ఉండదు. పుట్టగొడుగులను, సముద్రపు నాచును నమ్ముకోకండి. రక్త పరీక్ష చేయించుకుని, తక్కువుంటే డాక్టరు చెప్పిన మాత్ర వేసుకోండి. నన్నడిగితే పెరుగు మళ్లీ మొదలుపెట్టమంటాను. ఎముకలు తేలేదాకా ఉపవాసాలు చేసిన సిద్ధార్థుడు సుజాత పెట్టిన పాలపాయసం తిని, బలం పుంజుకున్నాకే కదా బోధి చెట్టు కింద కూర్చున్నది. సోయాసాస్, మిసో ఉప్పు మూటలు. ఒక పెద్ద చెంచా సోయాసాస్‌లో రెండు గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చెప్పేది ఐదు గ్రాముల లోపు. మీ బీపీకి ఇది చిన్న విషయం కాదు. కొంబులో అయోడిన్ విపరీతం. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు, ఒక్క గ్రాము ఎండు కొంబులోనే వెయ్యి దాటి ఉండొచ్చు. థైరాయిడ్ మాత్ర వేసుకునే మీరు డాక్టరును అడగకుండా ఆ ప్యాకెట్ విప్పకండి. టోఫు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది), సోయా తినే రోజుల్లో కూడా మాత్రకూ వాటికీ మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలి.

కొంబు లేకపోతే చారుకు రుచి ఎలా అంటారేమో. షీటాకే చాలు. రాత్రి నాలుగైదు ఎండు షీటాకేలను లీటరు చన్నీళ్లలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. వేడినీళ్లలో త్వరగా నానతాయి గాని అంత రుచి దిగదు. పొద్దునకు లేత గోధుమరంగు నీళ్లు తయారవుతాయి. దాంతో కెన్చిన్‌జిరు చేయండి. ఇది 1253లో జపాన్‌లోని కామకురా పట్టణంలో కట్టిన కెన్చోజీ ఆరామం పేరు మీద వచ్చిందని చెప్పుకునే చారు. కింద పడి చితికిన టోఫును కూడా వృథా చేయకుండా కడిగి చారులో వేశారని కథ, అందుకే టోఫును కత్తితో కోయకుండా చేత్తో తుంచి వేస్తారు. మన బజారులోనే దొరికే సరుకులు: ఒక చిన్న ముల్లంగి, ఒక క్యారెట్, నాలుగు చామదుంపలు, దొరికితే తామరదుంప, 200 గ్రాముల టోఫు. చామదుంపలు ముందే ఉడికించి పొట్టు తీస్తే దురద ఉండదు. ఒక చెంచా నువ్వుల నూనెలో ముల్లంగి, క్యారెట్ మగ్గనిచ్చి, నానిన షీటాకే ముక్కలు వేసి, ఆ నీళ్లు పోసి ఉడికించాలి. చివర్లో చామదుంప, తుంచిన టోఫు, మీకోసం ఒక్క చెంచా సోయాసాస్. పోపు వద్దు. అత్తయ్య గిన్నెలో మిరియాలపొడి చల్లండి, ఏమీ మైలపడదు.

పొద్దున పూట ఇంకా తేలిక. దోగెన్ స్థాపించిన ఎయిహేజీ ఆరామంలో భిక్షువుల అల్పాహారం పలుచని బియ్యపు జావ, నువ్వుల ఉప్పు, ఊరవేసిన ముల్లంగి. బుద్ధుడు గంజిని మెచ్చుకుంటూ దానివల్ల పది మేళ్లు చెప్పాడని వినయ పిటకంలో ఉంది: ఆకలి, దాహం తీరుస్తుంది, వాతం సర్దుతుంది, అరుగుతుంది, అలా. ఒక పాలు బియ్యానికి ఏడెనిమిది పాళ్లు నీళ్లు పోసి సన్నని సెగ మీద ఉడికించండి. నువ్వులు పది పాళ్లు దోరగా వేయించి, ఒక పాలు ఉప్పుతో రోట్లో కచ్చాపచ్చాగా నూరితే మీద చల్లుకునే పొడి సిద్ధం. మన నువ్వులపొడిలోంచి మిరపకాయ, వెల్లుల్లి తీసేసినట్టే. మీకు షుగర్ ఉంటే మాత్రం బియ్యపు జావ రోజూ వద్దు.

మిగిలింది మీ చివరి ప్రశ్న. ధ్యానం కుదురుతుందా? సాయంత్రం తేలిగ్గా తింటే తెల్లవారి నిద్రమత్తు తగ్గుతుంది, అది మీరు శిబిరంలోనే చూసి ఉంటారు. తిండి దానంతటది అంతకు మించి చేస్తుందని నేను చెప్పను. తినే తీరు చేస్తుంది. జెన్ ఆరామాల్లో తినబోయే ముందు ఐదు విషయాలు తలుచుకుంటారు. ఈ అన్నం వెనుక ఎందరి కష్టం ఉంది? దీన్ని అందుకునే పని నేనేం చేశాను? ఆశ, కోపం, మూఢత్వం లేకుండా తింటున్నానా? ఇది ఒంటిని నిలబెట్టే మందు. దారి పూర్తి చేయడానికి దీన్ని తీసుకుంటున్నాను. బ్యాంకులో టిఫిన్ డబ్బా మూత తీసినప్పుడు అర నిమిషం పడుతుంది, పక్కవాళ్లకు తెలియనవసరం కూడా లేదు. మొదటి మూడు ముద్దలు మాట్లాడకుండా తినండి.

అల్మారాలో ఉన్న షీటాకే ప్యాకెట్ ఈ శనివారం రాత్రి విప్పండి. ఆదివారం మీ వారు పొయ్యి దగ్గరికి రాకముందే చారు అయిపోతుంది. పుట్టగొడుగు కాడలు గట్టిగా ఉంటాయని పారేయకండి. సన్నగా చీల్చి, నువ్వుల నూనెలో కొంచెం బెల్లం, రెండు చుక్కల సోయాసాస్ వేసి దగ్గరపడేదాకా వేయించి, సోమవారం పొద్దున జావలో నంజుకోండి.